రెండు వైపులా బొమ్మే

మొన్న పెట్రోలు బంకులో మా అమ్మాయి స్కూటీ వెనక కూర్చుని ఉన్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే వీరాచారి బాబాయ్ గుర్తొచ్చాడు. వాచీల పళ్లచక్రాలను పెట్రోల్లో ముంచి బ్రష్షుతో కడిగేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి వాచీలు మూలపడుతున్న ఆ రోజుల్లో, ఏన్కూరులో ఒకే గదిని మేమిద్దరం కిరాయికి పంచుకున్నాం. అటు ఆయన బల్ల, ఇటు నా కుట్టుమిషను. మా ఆయన పోయాక నాకూ నా బిడ్డకూ అన్నం పెట్టింది ఆ మిషనే. వీరాచారి నాకు చుట్టమేమీ కాదు, అయినా బాబాయ్ అనే పిలిచేదాన్ని.

అంతటి అనుమానపు పక్షిని నేనింకెక్కడా చూడలేదు. వాచీ చేతికివ్వగానే, ముందు దీన్ని ఎవరు విప్పారని అడిగేవాడు. ఎవరూ విప్పలేదంటే నమ్మేవాడు కాదు. అద్దం కంటికి పెట్టుకుని, స్క్రూ తలమీద గీత వెతికి మరీ చూపించేవాడు. పక్కన కూర్చుని కూర్చుని ఆ జబ్బు నాకూ అంటింది. ఎవరు బట్ట తెచ్చినా వాళ్ల ముందే కొలిచి తీసుకునేదాన్ని. అంత తెలివి ఉండి కూడా మా అక్క మొగుడి దగ్గర ఎలా బోల్తా పడ్డానో చెబితే నవ్వుతారు.

దమ్మపేట నుంచి బావ ఒక రూపాయి బిళ్ళ తెచ్చాడు. రెండు వైపులా సింహాల బొమ్మే, బొరుసు లేదు. టంకశాలలో పొరపాటున అలా పడిందనీ, హైదరాబాదులో నాణేలు కూడబెట్టేవాళ్లు దానికి లక్షలిస్తారనీ చెప్పాడు. తనకు పట్నం తెలియదట, నేను చదువుకున్నదాన్నట, మిషను ఇచ్చేస్తే బిళ్ళ నాదేనట. శుక్రవారం ఆటో తెస్తానని చెప్పి బిళ్ళ నా చేతిలో పెట్టి వెళ్లాడు. లక్షలనగానే నా బుర్ర పని చెయ్యడం మానేసింది.

బాబాయ్‌కి చూపించాను. అద్దం కంటికి పెట్టుకోకుండానే ఆయన ముఖం మాడిపోయింది. "మిషన్ జోలికి పోకు బిడ్డా. ఆ బిళ్ళ నాకిచ్చెయ్," అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. అంతే, నాకు అనుమానం పట్టుకుంది. ఈ ముసలాయన కాజేద్దామని చూస్తున్నాడనుకుని, బిళ్ళను కొంగుకు ముడేసుకున్నాను. చాయ్‌కి వెళ్లినా ముడి తడుముకుంటూనే ఉన్నాను. ఆయనా కుదురుగా పని చెయ్యలేదు, చూపంతా నా కొంగు మీదే. రెండో రోజు ఉండబట్టలేక, లక్షలంటే నీకూ నోరూరిందా అని మొహం మీదే అడిగేశాను. ఆయన తల వంచుకుని బల్ల మీది వాచీ విప్పసాగాడు. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే.

శుక్రవారం అన్నట్టే ఆటో వచ్చింది. బావ మిషను మీద చెయ్యి వేసేసరికి బాబాయ్ లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఆ బిళ్ళ నేన్ జేసిందే," అన్నాడు.

బావ నవ్వాడు. బాబాయ్ నా దగ్గర బిళ్ళ తీసుకుని, అంచు లోపల సూది మొన ఆనించి, చిన్న సుత్తితో తట్టాడు. ఒక బొమ్మ మూతలా ఊడి వచ్చింది. ఒక రూపాయిని లేతు మీద తొలిచి, ఇంకో రూపాయిని అరగదీసి అందులో బిగించాడట. వాలీబాల్ ఆటలో టాస్ గెలవడానికని ఊళ్లో కుర్రాళ్లు అడిగితే సరదాకి చేశాడట. లోపల ఆయన పేరులోని 'వీ' గీసి ఉంది. బావ ఖాళీ ఆటోలో వెళ్లిపోయాడు.

ఆశ చావక, మరి దీనికి అసలు ధరే లేదా అని అడిగాను. "గిట్లాంటివి నవ్వుకోనీకి కొనేటోళ్లుంటరు. చాయ్ పైసలొస్తయ్," అన్నాడు.

"మొదటి రోజే ఎందుకు చెప్పలే బాబాయ్?"

"చెప్తే, ఎన్ని జేసినవ్ అని అడుగుతవ్ గదా."

అడిగాను. మూడు చేశాడట.

ఆ తర్వాత పోయేదాకా, కల్లూరు నుంచి భద్రాచలం దారి వరకూ ఏ సంతకు వెళ్లినా మిగిలిన రెండింటి కోసం వాకబు చేశాడు. ఒకటి దొరికింది. అప్పటికే అడవంచు ఊళ్లో ఒక రైతు దానికి తన ఎడ్ల జత ఇచ్చేసి ఉన్నాడు. ఆ ఎడ్లు మళ్లీ రాలేదు. ఇంకో బిళ్ళ దొరకనే లేదు. అందుకే ఇప్పటికీ ఎవరైనా వింత బిళ్ళ దొరికిందని సంబరంగా చెబితే, వాళ్లు ఏమనుకున్నా సరే, ఆపి అడుగుతాను. దానికి బదులు నువ్వేం ఇయ్యబోతున్నవ్ అని.