ఎడమ ముంజేతి మీద నాలుగు గళ్లు

చర్మానికి రాసే మందు లోపలికి ఎంత ఇంకుతుందో కొలవడం నా ఉద్యోగం. గాజువాక దగ్గర చిన్న ల్యాబ్ మాది. ముంజేతి మీద తొందరగా చెరగని పెన్నుతో గళ్లు గీసి, ఆయింట్‌మెంట్ రాసి, కొన్ని గంటలయ్యాక తుడిచేస్తాం. తర్వాత ఒకే చోట ఇరవైసార్లు టేపు అంటించి పీకుతాం. ప్రతి టేపుతోనూ పలచటి చర్మం పొర వస్తుంది. ఏ పొరలో ఎంత మందుందో చూస్తే అది ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది.

పోయినేడు పరీక్షకు వచ్చినవాళ్లలో ఒక జాలరి ఉన్నాడు. టేపు పీకినప్పుడల్లా నవ్వేవాడు.

“తోలంతా వలిచేత్తన్నావు, కూరొండుతావేటమ్మా?”

నాకసలే ఓపిక తక్కువ. కదలకుండా కూర్చోమని కసిరాను.

ఆరు రోజులకు అతని భార్య వచ్చింది. పడవ తిరగబడిందట, మనిషి దొరకలేదట. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

“ఆ గళ్లు ఎన్నాళ్లుంటాయమ్మా? ఒడ్డుకి కొట్టుకొత్తే నాను గుర్తట్టాల.”

మామూలుగానే పది రోజుల్లో పోతాయి. నీళ్లలో నానిన ఒంటికైతే పై పొరే ఊడొచ్చేస్తుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆమె మొహం చూశాక నోరు రాలేదు.

“చాలా రోజులుంటాయి” అన్నాను.

రెండు వారాల తర్వాత భీమిలి వైపు ఒక శవం ఒడ్డుకొచ్చింది. పోలీసులు పిలిస్తే ఆమె వెళ్లి చూసి, తిన్నగా నా దగ్గరకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“మొకం సేపలు కొరికేసినాయి. సెయ్యి తిప్పి సూసేను. గళ్లు నేవు. మాయన కాదమ్మా!”

ఎండుచేపల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ శవాన్ని ఎవరూ లేరని పూడ్చేశారు. అతని చేతి పొరలు మాత్రం మా ఫ్రీజర్‌లో ఉన్నాయి. మళ్లీ సరిచూసుకోవడానికని ఒక గడి టేపులు దాచి ఉంచుతాం. వాటి మీద పేరుండదు, నంబరే. పోలీసులకు చెబితే ఆ శవం డీఎన్‌ఏతో పోల్చి చూస్తారు. చెప్పాలని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. బజార్లో చేపలబుట్ట పక్కన అంత బొట్టుతో కూర్చున్న ఆమె గుర్తొచ్చి పెట్టేసేదాన్ని.

నిన్న బజార్లో నన్ను చూసి కేకేసింది. భర్తను ఎరిగినవాళ్లు ఎవరు కనిపించినా అడుగుతుందట.

“ఏటైనా తెలిసిందేటమ్మా?”

లేదన్నాను. అది నా రెండో అబద్ధం.