పంచె కట్టుకున్న గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టానని నన్ను ముసలమ్మను చేసేయకండి, కొన్నేళ్ల కిందటి మాటే. పదో తరగతి పాసై, నంద్యాలలో కొన్నాళ్లు కంప్యూటర్ నేర్చుకుని, ఇక ఈ లోకంలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మిన రోజులు. (ఆ నమ్మకం ఇప్పుడు తగ్గింది. మొండితనం మాత్రం అట్లాగే ఉంది.) ఆళ్లగడ్డలో మా మేనమామకు విగ్రహాలు చెక్కే షెడ్డు ఉంది. రాయి మీద ఉలి పెట్టకముందే విగ్రహం ఎట్లా ఉండబోతుందో కంప్యూటర్‌లో తయారుచేసి, చుట్టూ తిప్పి చూపించడం నా పని. అంతకుముందు మామ గోడ మీద బొగ్గుతో గీసి చూపించేవాడు. గోడ మీది దేవుడికి వీపు ఉండదు కదా, ఆ వీపు చూపించడానికే నన్ను పెట్టుకున్నాడనుకోండి.

బొమ్మను అట్లా తిప్పే భారమంతా కంప్యూటర్ లోపలుండే గ్రాఫిక్స్ కార్డుది. మా దగ్గరున్నది పాత కార్డు. దాంట్లో దేవుడు మోకాళ్ల నొప్పులున్న అవ్వ ప్రదక్షిణ చేసినట్టు తిరిగేవాడు, నాలుగడుగులు వేసి ఆగి, ఆయాసం తీర్చుకుని మళ్లీ కదిలేవాడు. కొత్త కార్డు కావాలని నేను పట్టుబట్టాను. నంద్యాలలో కంప్యూటర్లు అమ్మే అన్న మంచివాడు. "శుక్రవారం దాకా పెట్టుకో పాపా, నచ్చకుంటే తెచ్చి ఇచ్చెయ్" అన్నాడు. షెడ్డులో ఒకే రకం కంప్యూటర్ డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో పాతది, రెండోదాంట్లో కొత్తది పెట్టాను. తేడా అంతా కార్డులోనే అన్నమాట.

మా షెడ్డులో అందరికంటే పెద్ద శిల్పి ఉలి తాత. చెవి మీద ఎప్పుడూ ఉలి ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయన కొత్త కార్డును రాయిని చూసినట్టు చూశాడు. అరచేతిలో పెట్టుకుని ఎగరేశాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బరువూ లేదు, మోతా లేదు. ఇదేం పని చేస్తాదమ్మే? పాతదాన్ని ఎత్తి చూడు, కడపరాయి ఉన్నట్ల ఉండాది."

"తాతా, ఇది ఇంటి గడపకు వేసే రాయి కాదు."

"ఏదైతేనేం, లోపల సరుకుండల్ల గదా!"

మామ ఇద్దరినీ ఆపాడు. "గోస్పాడు దిక్కు నుంచి ఆంజనేయస్వామి విగ్రహం చేయించుకునేదానికి శుక్రవారం పెద్దమనుషులు వస్తాండారు. ఆ పొద్దు కొత్తది పాతదాన్ని గెలిస్తే ఉంచుకుందాం. గెలవకపోతే నేను మళ్లా బొగ్గు పట్టుకుంటా, నువ్వు గడివేములకు పోయి మీ పిన్ని కుట్టుమిషన్ కాడ కూర్చో."

కుట్టుమిషన్ అంటే నాకు లోకువ కాదు. కాకపోతే గుండీల కాజాలు కుట్టడం తప్ప మా పిన్ని నాకు ఇంకే పనీ ఇవ్వదు. అందుకే గెలవాల్సిందే అనుకున్నాను.

మొదటి రోజు రెండు కంప్యూటర్లలోనూ ఒకేసారి ఆంజనేయుణ్ణి తిప్పాను. పాతదాంట్లో స్వామి భుజం తిరిగేలోపు కొత్తదాంట్లో ఒక చుట్టు తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. తోక మీద వెంట్రుకలు కూడా కనిపించాయి. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అయితే మా షెడ్డులో రాతి దుమ్ము పిండి జల్లించినట్టు రాలుతూ ఉంటుంది. చెక్కడం అయిపోయిన విగ్రహానికి దుమ్ము పడకుండా గుడ్డ చుట్టి పెట్టడం మా వాళ్ల అలవాటు. నా కార్డు మాత్రం తక్కువదా? మామ పాత పంచె తెచ్చి కొత్త డబ్బాకు నిండుగా చుట్టి, పైన ముడి వేసి, బొట్టు కూడా పెట్టాను. పాత డబ్బాను ఎవరు పట్టించుకున్నారు? దానికి పక్క రేకు ఎప్పుడో ఊడిపోయింది, లోపలి వైర్లన్నీ గాలికి ఊగుతుండేవి.

మరుసటి రోజు నుంచి కొత్తది నీరసించింది. పొద్దున బాగానే తిరిగేది, కాసేపటికే పాతదానికంటే అధ్వాన్నం. పైగా లోపలి ఫ్యాను పిండిమర లాగా ఒకటే గోల.

"కొత్తల్లుడు మాదిరి ఉండాదే! ఒక్క పూట ఊపు చూపిచ్చి మంచమెక్కె" అని ఉలి తాత నవ్వాడు.

నేను ఊరుకుంటానా? ప్రోగ్రాములు తీసేసి మళ్లీ వేశాను. కార్డు ఊడదీసి, బస్సెక్కి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని నంద్యాల పోయాను. అన్న అంగట్లో బల్ల మీద పెట్టి చూస్తే అది ఝామ్మని పరుగెత్తింది.

"గుర్రం మాదిరి పోతాంటే ఏందమ్మా నీ గోల?" అన్నాడు అన్న.

"మా ఊరికి పోతే పండుకుంటాదన్నా!"

"మీ ఊరి నీళ్లు పడలేదేమో" అని నవ్వి పంపించాడు. నాకు నవ్వు రాలేదు. దుమ్మే దీని ప్రాణం తీస్తోందని తీర్మానించుకుని, తిరిగి రాగానే పంచె మీద ఇంకో పంచె చుట్టాను.

శుక్రవారం పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో తలపాగా పెద్దాయన ముందుకు వంగి చూస్తున్నాడు. కొత్తదాంట్లో ఆంజనేయుణ్ణి తిప్పాను. స్వామి సగం తిరిగి, వీపు మా వైపు పెట్టి ఆగిపోయాడు. ఎంత బతిమాలినా కదలడు.

"ఏందమ్మా, స్వామికి మా మీద కోపమా? వీపు చూపిస్తాండాడు!" అన్నాడు పెద్దాయన.

మామ గోడ వైపు చూశాడు, బొగ్గుకు చోటెక్కడా అన్నట్టు. నాకు కళ్ల ముందు గుండీల కాజాలు కనిపించాయి. బటన్ నొక్కి మళ్లీ మొదలుపెడదామని డబ్బా మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది! అన్నం గిన్నె మూత మీద చెయ్యి పెట్టినట్టే. అప్పుడు వెలిగింది నాకు. ముడి రాకపోతే పళ్లతో లాగి, రెండు పంచెలూ ఊడదీసి, రేకు కూడా పక్కన పారేశాను. వేడి గాలి భగ్గున ముఖానికి కొట్టింది.

"తాతా, టవల్! బిన్నా ఇసురు, తొందరగా!"

ఉలి తాత పాత కార్డు పార్టీ అన్న సంగతే మరిచిపోయి, భుజం మీది టవల్ తీసి విసరడం మొదలుపెట్టాడు. "నేనుండాలే తల్లీ, ఊపిరి పీల్చుకో" అని కార్డుకు ధైర్యం కూడా చెప్పాడు. కాసేపటికి ఫ్యాను గోల తగ్గింది. స్వామి కదిలాడు. వీపు, భుజం, గద, ముఖం, అన్నీ నీళ్లు జారినట్టు తిరిగాయి. మామ మాట ప్రకారం పక్కనే పాతదాన్ని కూడా తిప్పించాడు. అది భుజం దగ్గరే ఆయాసపడుతోంది.

పెద్దాయన రెండింటినీ చాలాసేపు చూశాడు. "చెక్కేది కొత్తదాన్ని చూసి చెక్కండప్పా, గోళ్లు గూడా తెలుస్తాండాయి. ఈ పాప ఉంటే మాకు దిగుల్లేదు" అని, చెప్పులు విడిచి, పాతదాని ముందుకు జరిగి చేతులు జోడించాడు. "మొక్కుకునేదానికి మాత్రం ఇదే మేలు. ఈ స్వామి నిదానంగా తిరుగుతాండాడు, కోరిక చెప్పుకునేదానికి టైము ఇస్తాండాడు."

ఉలి తాత మీసం దువ్వాడు. మామ నంద్యాలకు ఫోన్ చేసి కార్డు ఉంచుకుంటున్నామన్నాడు. నా కుర్చీ నాకు మిగిలింది.

ఆ కుర్చీలోనే ఉన్నాను ఇప్పటికీ. మొన్న నంద్యాల అన్న వచ్చి, "అమ్మా, నీ కార్డు పాతదైపోయింది, ఇప్పుడొచ్చేవాటి ముందు ఇది నిలవదు, మార్చు" అన్నాడు. "ఏమైందన్నా దానికి? బాగానే తిరుగుతాండాది గదా, గమ్మునుండు" అని గట్టిగా కసిరాను. అన్న వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లోని నాలాంటి పిల్ల ఒకతి ఇప్పుడు ఇక్కడ ఉండుంటే, నా మాట వినకుండా ఆ సాయంత్రానికే నంద్యాల బస్సెక్కి ఉండేది. ఆ పిల్లను తలుచుకుని ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.