ఎవరు పంపిండ్రు?

నా భార్య రెండు మోకాళ్లకని కూడబెట్టిన డబ్బుతో ఒక్క మోకాలికే ఆపరేషన్ అయింది. రెండో మోకాలి డబ్బులో పెద్ద ముక్క మా గల్లీ డాక్టరు జేబులోకి పోయింది. నన్ను ముంచింది దారిన పోయేవాడు కాదు. ముప్పై ఏళ్లుగా మా గడప తొక్కుతున్నవాడు, నన్ను అన్నా అని, ఆమెను వదినా అని నోరారా పిలిచేవాడు. అందుకే ఈ మాట రాయాలని కూర్చున్నాను. ఊరికే నోటితో చెప్తే ముసలాడి సణుగుడు అంటారు.

మాది సూర్యాపేట. ఊరి చివర రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేసి ముసలివాణ్ణయ్యాను. బడికి పోలేదు. బస్తాల మీది అచ్చులు, లారీల వెనక రాతలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. తరవాత చేతికి అందిన కాగితమల్లా చదివాను. గల్లీ డాక్టరుదీ కాస్త అలాంటి బతుకే. పదో తరగతి వరకే చదివాడు. ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండి పని పట్టుకున్నాడు. జ్వరానికి సూది, దెబ్బకు కట్టు, గ్లూకోజు బాటిల్. బోర్డు మీద ఆర్.ఎం.పి. అని ఉంటుంది. మాకు మాత్రం ఆయనే డాక్టర్ సాబ్. ఒకసారి అధికారులు వచ్చి ఆయన గదికి తాళం వేస్తే, గల్లీ జనాన్ని వెంటేసుకుని ఆఫీసుకు పోయి, ఎండలో కూర్చుని ఆ తాళం తీయించింది నేనే. మా ఇంట్లో ఎవరికి సూది వేసినా ఆయన పైసా ముట్టలేదు. "అన్న దగ్గర పైసలా?" అనేవాడు. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

నా భార్య బర్రెల మనిషి. పొద్దున, సాయంత్రం గొంతుకూర్చుని పాలు పిండీ పిండీ మోకాళ్లు అరగదీసుకుంది. చివరికి కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక ఉన్న రెండు బర్రెలనూ అమ్మేసింది. ఆమెకు గుళ్లూ గోపురాలూ తిరగాలన్న కోరికలేం లేవు. బస్సు మెట్టు ఎవరి చెయ్యీ పట్టకుండా ఎక్కాలి, అంతే. కండక్టరు "అవ్వా, జల్ది, జల్ది" అంటుంటే వెనక నుంచి నేను తోసేవాణ్ణి. ఒకరోజు పైకి ఎక్కాక ఆయాసంతో బస్సంతా వినేటట్టు అంది:

"సర్కారు ఆడోళ్లకు టికెట్ మాఫీ జేసింది గని, ఈ మెట్టు మాఫీ జెయ్యలే."

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. తోసినవాణ్ణి నేను కదా, ఆమె ఒళ్లు ఎంత వణికిందో నాకు తెలుసు.

గల్లీ డాక్టరు ఏళ్ల తరబడి ఆమె మోకాళ్లకు సూదులు వేశాడు. వేసిన నెల బాగుండేది, మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి ఒకనాడు మా అరుగు మీద టీ తాగుతూ తేల్చేశాడు.

"ఇగ సూదులతోని అయ్యేది కాదు వదినా. చిప్పలు మార్పియ్యాలె."

"మార్చినంక పాతయి నాకిస్తరా?"

"పాతయి ఏం జేస్కుంటవ్? పాత సామానోడు గూడ తీస్కోడు."

"అయితే నీకు బహుమానమిస్త తియ్యి. నీ గోడకు తగిలిచ్చుకో."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మా దిక్కు జనం చిప్ప మార్చడం అంటారు గానీ నిజానికి అది చిప్ప ఒక్కటే కాదు. అరిగిన ఎముకల చివరలు చెక్కి, లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ఇది నేను చదివి తెలుసుకున్నాను. ఎంతవుతుందో మాత్రం ఏ కాగితంలోనూ దొరకలేదు. మా దగ్గర బర్రెల డబ్బు, మిల్లు వాళ్లు చివరిరోజు చేతిలో పెట్టిన డబ్బు, అంతా కలిపి మూడు లక్షలు ఉంది. ఇరవై వేలకు పైబడిన పని ఏదైనా నలుగురిని అడగందే చేయని మనిషిని నేను. మూడూళ్లు తిరిగి అడుగుదామన్నాను.

"నేనొస్త పా అన్నా," అన్నాడు గల్లీ డాక్టరు. "ఒక్కనివే పోతే ఆగం జేస్తరు. తెలిసినోడు ఎంబడుండాలె."

ఎంత మంచివాడు, పని మానుకుని వస్తున్నాడు అనుకున్నాను.

మొదట సూర్యాపేటలోనే ఒక దవాఖాన. కౌంటరు దగ్గర అడిగిన మొదటి మాట నొప్పి ఎక్కడ అని కాదు. "ఎవరు పంపిండ్రు?" అని.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఎక్కడికి పోయినా ఎవరిదో ఒకరి పేరు చెప్తాం. బట్టల షాపులో చెప్తాం, ట్రాక్టరు షోరూములో చెప్తాం, ఫంక్షన్ హాలు మాట్లాడుకునేటప్పుడు చెప్తాం. ఫలానా ఆయన మనిషిని అంటే ధర తగ్గిస్తారని నమ్మకం. నేనూ ఛాతీ విరుచుకుని గల్లీ డాక్టరు పేరు చెప్పాను. ఆయన పక్కనే ఉన్నాడు, అయినా నా నోటితో చెప్తే ఇంకా బరువుంటుందనుకున్నాను. "మీరు గీడ కూసోండ్రి, నేను లోపల మాట్లాడొస్త," అని ఆయన లోపలికి పోయాడు. బయటికి వచ్చి, "ఒక్కో కాలుకు రెండు లక్షల పైనే అంటుండ్రు. మన పేరు మీద జర తగ్గిచ్చిండ్రు," అన్నాడు.

కోదాడలోనూ అంతే. కౌంటరులో ఉన్న అమ్మాయి, "ఎవరు పంపారండీ?" అని అడిగింది. నేను పేరు చెప్పాను, ఆయన లోపలికి పోయాడు, లక్షా తొంభై అన్న మాట బయటికి వచ్చింది. మిర్యాలగూడలో ఒక మోకాలికి రెండు లక్షలు. అక్కడ వేసేది విదేశీ సామాను అన్నారు.

మూడు ఊళ్లలో మూడు ధరలు ఎందుకని అడిగాను. "మిల్లుల పని జేసినోనివి, నీకు నేను జెప్పాల్నా? సన్నబియ్యం, దొడ్డుబియ్యం ఒక్క రేటుకే అమ్ముతరా?" అన్నాడు. ఆ పోలిక నాకు నచ్చింది. ఆయన మిర్యాలగూడ వైపే మొగ్గాడు. "పైసలు సూడకు. వదిన కాలది. ఒకటి అయినంక ఇంకోటి నిమ్మళంగ జేపిద్దాం," అన్నాడు. రెండు ఒకేసారి చేయించే డబ్బు లేదు కనుక మిర్యాలగూడలో ఒక్కటే చేయించాం.

దవాఖానను నేను తప్పు పట్టను. డాక్టరు చెయ్యి మంచిది. కుట్లు చక్కగా మానాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ కాలు వంచుతుంటే నా భార్య దవాఖాన అదిరిపోయేటట్టు అరిచేది, తరవాత ఆ పిల్లకే బత్తాయి ఒలిచి పెట్టేది. ఆ కాలు ఇప్పుడు సోటా కర్రలాగ నిటారుగా ఉంటుంది. రెండోది అలాగే వంకర. నడిస్తే ఒక కాలు ముందుకు పోదామంటుంది, రెండోది ఆగమంటుంది. మంచి కాలు మీద బరువంతా పడితే అది కూడా పాడవుతుందని డాక్టరు చెప్పాడు, రెండోది ఆలస్యం చేయవద్దన్నాడు. మందులకు, రాకపోకలకు పోగా మా దగ్గర తొంభై వేలు మిగిలింది.

ఆ తరవాత కోదాడలో చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి పోయాం. తిరుగు బస్సుకు టైముంది. "ఎట్లగూ వచ్చినం, ఆ దవాఖాన్ల ఒకపారి అడుగుదాం పా," అంది నా భార్య. గల్లీ డాక్టరు వెంట లేడు కదా అని నేను గునిశాను. "ఆయన లేకుంటే నా మోకాలు వాళ్లకు కనవడదా?" అంది.

కౌంటరులో అదే అమ్మాయి. ఎంతమంది వస్తారో, మమ్మల్ని గుర్తుపట్టలేదు. "ఎవరు పంపారండీ?"

నేను నోరు తెరిచేలోపు నా భార్య అందుకుంది. "ఎవ్వరు పంపలే బిడ్డా. నా మోకాలే పట్టుకొచ్చింది."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. లోపల అడిగివచ్చి చెప్పింది: "లక్షా నలభై అవుతుందండీ."

నాకు చెవులు సరిగ్గా వినబడవని ఇంట్లో అంటుంటారు. మళ్లీ అడిగాను. అదే చెప్పింది. "ఇదే కాలుకు, ఇదే దవాఖాన్ల, మొన్న లక్షా తొంభై అన్నరు గదమ్మా? రేటు పడిపోయిందా?" అన్నాను. అమ్మాయి నవ్వు ఆపేసింది. నా ముఖం ఇప్పుడు గుర్తుకొచ్చినట్టుంది. "అప్పుడు మీతో ఎవరో వచ్చారు కదండీ," అని, లోపల బిల్లులు చూసే ఆయన గది చూపించింది.

ఆ బిల్లుల ఆయన నడివయసు మనిషి. ముందు తప్పించుకోబోయాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. కాసేపటికి తలుపు దగ్గరగా వేసి, అంతా విడమరిచి చెప్పాడు. లోపల వేసే సామాను ఇక్కడిదైతే ఒక ధర, బయటిదైతే ఒక ధర. దానికి మించి అమ్మకూడదని సర్కారు గీత గీసింది. వాళ్ల డాక్టరు వారానికి రెండుసార్లు వేరే ఊరి నుంచి వస్తాడు, ఆయన ఫీజు. ఒక్కరి గదా, నలుగురి గదా. ఎన్ని రోజులు ఉంచుతారు. పరీక్షలు, మందులు, ఫిజియోథెరపీ ప్యాకేజీలో కలిపారా, విడిగా రాస్తారా. ఒకచోట తక్కువ చెప్పి ఇవన్నీ తరవాత రాస్తారు, ఇంకోచోట అన్నీ కలిపి ఎక్కువ చెప్తారు. రెండూ చివరికి ఒకటే కావచ్చు.

"ఇదంత సరే," అన్నాను. "సామాను అదే, డాక్టరు ఆయననే, గది అదే. యాభై వేలు ఏడ పెరిగినయ్?"

"పెద్దాయనా, పేషెంటును ఎవరైనా తీసుకొస్తే వాళ్లది కూడా అందులోనే ఉంటుందండీ. మేం ఇవ్వకపోతే రేపటి నుంచి ఇంకో ఊరు తీసుకుపోతారు. మీరే గదండీ కౌంటరులో ఆయన పేరు చెప్పింది?"

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏమీ చూడలేదు. నేను మిల్లులో పుట్టి పెరిగినట్టే లెక్క. రైతును మార్కెట్టుకు తోలుకొచ్చి, ఆయన ముందు "మా అన్న" అని భుజం తట్టి, వెనక బస్తాకు ఇంతని దలాలీ కొట్టేవాళ్లను ఎందరిని చూశాను! ముఖం చూసి పట్టేసేవాణ్ణి. ధరలో తేడా ఉండటం తప్పు కాదు. బియ్యానికి ఉంది, మోకాలికీ ఉంటుంది. ఆ తేడాలో ఫలానా ముక్క ఫలానావాడిదని నాతో చెప్పకపోవడం తప్పు. వెంట వచ్చినందుకు ఇంత కావాలని అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో, కనీసం బేరమాడేవాణ్ణి. అంతకన్నా మండింది ఇంకోటి. దలాలీ కలపమన్నట్టు మూడూళ్ల కౌంటర్లలో ఆయన పేరు గట్టిగా అరిచినవాణ్ణి నేనే. పక్కన నిలబడి ఆయన ఆ అరుపు విన్నాడు. వద్దనలేదు.

గల్లీ డాక్టరును మొదటిసారి అడిగితే నవ్వేశాడు. "ఎవడో నీకు లేనిపోనియి ఎక్కిచ్చిండు," అన్నాడు. రెండోసారి పోతే జనం ఉన్నారని చేత్తో సైగ చేసి పంపేశాడు. మా అరుగు మీదికి టీకి రావడం మానేశాడు.

మూడోసారి నా భార్య తానూ వస్తానంది. కర్ర పట్టుకుని, మంచి కాలు ముందు వేస్తూ, వంకర కాలు లాగుతూ గల్లీ పొడుగునా నడిచింది. ఆయన గదిలో రోగులెవరూ లేరు. పేషెంట్లు కూర్చునే బెంచీ మీద కూలబడి, ఊపిరి తీసుకుని అడిగింది:

"నా కాలు ఎంతకు అమ్మినవయ్యా?"

ఆయన తల ఎత్తలేదు. సూదుల డబ్బా తుడుస్తూ ఉన్నాడు. నేను ఒక్కటే అడిగాను. మిర్యాలగూడలో నీకు ఎంత ముట్టిందో నేను అడగను, అదెంతైతే అంత తిరిగి ఇవ్వు, ఒక్క రూపాయి ఎక్కువ వద్దు. మాకు కొరతపడ్డది యాభై వేలే. అది సరిపోతే రేపే కోదాడ పోతాం, రెండో కాలు కూడా అయిపోతుంది, తరవాత నీ ముఖం నేను చూడను, నా ముఖం నువ్వు చూడకు.

ఆయన ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, నా భార్య వైపు కాకుండా నా వైపు తిరిగి చెప్పాడు:

"ముప్పయ్యేండ్ల సంది మీ ఇంట్ల సూదులేస్తున్న. ఏనాడన్న నా చేతిల పైస పెట్టినవా అన్నా? నేను వద్దంటి, నువ్వు సరే అంటివి. ఒక్కపారన్న జబర్దస్తి జేబుల పెట్టినవా? నా ఇల్లెట్ల నడుస్తుంది అనుకున్నవ్? ఇగ ఇప్పుడు తిరిగియ్యమంటే ఏడికెల్లి తేవాలె? అయినా నీ దగ్గర నేను తీస్కోలే. వాళ్లిచ్చిండ్రు, వాళ్ల దగ్గర తీస్కున్న."