డాక్టరు ముందు కుంటకూడదు

మా ఇంట్లో పరీక్షలంటే నా బడి పరీక్షలు కావు, నాన్న కంటి పరీక్షలు. నాన్న గూడ్సు బండి డ్రైవరు. డ్రైవర్లందరికీ కొన్నేళ్ళకోసారి మెడికల్ ఉంటుంది. అందులో చూపు తప్పితే ఇంజను దింపేసి ఏ ఆఫీసులోనో కూర్చోబెడతారు. ఆ భయంతో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా క్వార్టర్ల లైన్లో, ఒక కాగితం చేతులు మారుతుండేది. కంటి డాక్టరు గదిలో గోడకి వేలాడే అక్షరాల పట్టీకి నకలు అది. మెడికల్ దగ్గర పడగానే నేను ఆ కాగితాన్ని వరండా గోడకి ఆనించి పట్టుకునేదాన్ని. నాన్న గేటు దగ్గర నిలబడి పై వరస నుంచి కింది వరస దాకా అప్పజెప్పేవాడు. తడబడితే నేను అందించేదాన్ని. నాకు ఇంగ్లీషు అక్షరాలు అలాగే వచ్చాయి.

రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. నాన్న నాకూ తన విద్యే నేర్పాడు. నడుము విసురుతో కాలు ఎలా ముందుకు వెయ్యాలో, తొడ మీద చెయ్యి ఆనించకుండా ఎలా నిలబడాలో వరండాలో ఇటూ అటూ నడిపించి చూపించాడు. "డాక్టరు ముందు కుంటకూడదే. ఆళ్ళు రాసిందే మన తలరాత" అనేవాడు. వికలాంగుల కోటాలో ఉద్యోగానికి పెట్టించమని ఎవరో సలహా ఇస్తే నాన్న ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. నేను మామూలు పరీక్షే రాసి, మామూలు మెడికలే దాటి, పార్సిల్ ఆఫీసులో గుమాస్తానయ్యాను. నాన్న లైనంతా మిఠాయి పంచాడు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండేది.

ఆ పార్సిల్ ఆఫీసుకే ఒకరోజు తెరచాప వచ్చింది. విశాఖపట్నంలో బుక్ చేసిన పొడుగాటి మూట. విడిపించుకోవడానికి వచ్చిన పెద్దాయన నేవీలో రిటైరై, ఇక్కడ బొగ్గు కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగా చేస్తున్న తెలుగాయన. మూటలో ఏముందని అడిగితే తెరచాప అన్నారు. నేను నవ్వాను. ఈ ఊరికి సముద్రం రైల్లో ఒక రాత్రి పైగా దూరం. ఆయన నవ్వలేదు. రిజిస్టరు కోసం నేను లేచి బీరువా దాకా వెళ్ళి రావడం చూసి, మొహమాటం లేకుండా, ఈత వచ్చా అని అడిగారు. పదిమందిలో నా కాలి వైపు సూటిగా చూసిన మొదటి మనిషి ఆయనే. వికలాంగులకి తెరచాప పడవ నేర్పాలని మనుషుల కోసం వెతుకుతున్నారట. అలా మా ముగ్గురికీ ఆయన మాస్టారయ్యారు.

వికలాంగులు పోటీ పడే తెరచాప పడవల్లో ముగ్గురు కూర్చుంటారు. చుక్కాని పట్టినాయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. టెక్కలి వైపు మనిషి, మా వెనక లైన్లోనే ఉండేవాడు. పట్టాల గ్యాంగులో పనిచేస్తూ ఇంజను కింద రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. ముందు తెరచాప చూసేది సిర్గిట్టి ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను కింద కుడి చెయ్యి పోయిన ఛత్తీస్‌గఢీ ఆయన. నన్ను దీదీ అనేవాడు కానీ నాకంటే పెద్దవాడే. పెద్ద తెరచాప తాడు నాది. గాలికి పడవ ఒరిగినప్పుడు రెండో పక్క అంచు మీంచి వీపు నీళ్ళ మీదకి వాల్చి బరువు ఆపడం కూడా నా పనే.

రతన్‌పూర్ దారిలో ఉన్న డ్యామ్ నీళ్ళలో, ఆదివారం ఆదివారం, రెండేళ్ళు నేర్చుకున్నాం. ఒడ్డున బాబాయ్‌ని ఇద్దరు పట్టి పడవలో కూర్చోబెట్టాలి. ఆ కాసేపూ కళ్ళు మూసుకుని ఉండేవాడు. చుక్కాని చేతికందిందంటే ఇంక ఆయన మాటే శాసనం. నన్ను తిట్టని తిట్టు లేదు. ఒకసారి గాలి బాగా పట్టి పడవ దూసుకుపోతుంటే, "నేల మీద అందరూ నన్ను మోస్తారే తల్లీ. ఇక్కడ మీ ఇద్దర్నీ నేను మోస్తన్నాను" అన్నాడు.

ఈ పోటీలకి ఒక పద్ధతి ఉంది. ముందుగా డాక్టర్లు ఒక్కొక్కరినీ పరీక్షించి, ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో చూసి అంకె వేస్తారు. సత్తువ ఎక్కువైతే అంకె ఎక్కువ. ముగ్గురి అంకెలూ కలిపి ఒక హద్దు దాటకూడదు. దాటితే ఆ ముగ్గురూ ఒకే పడవలో దిగడానికి లేదు. మాస్టారు ముందే లెక్క వేసుకున్నారు. మా మొత్తం సరిగ్గా హద్దు మీద ఉంటుంది. సముద్రం ఒడ్డున ఎంపిక పోటీకి రైలెక్కేటప్పుడు ఆయన మాకు చెప్పింది ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చూపించండి, ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఎంపికైతే ఏడాది పాటు అక్కడే ఉంచి సముద్రంలో నేర్పిస్తారు. బాబాయ్‌కి యాభై దాటాయి, షుగరు ముదురుతోంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు అని మాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

పరీక్ష గదిలో డాక్టరు నాకంటే చిన్న వయసు అమ్మాయి. బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ పాదానికి అరచెయ్యి అడ్డం పెట్టి, తొయ్యండి అంది. తెల్ల కోటు కనబడేసరికి నా నడుము దానంతట అదే బిగుసుకుంది. కాలు తొయ్యాల్సిన చోట నడుముతో తోశాను. గోడ దాకా నడవమంటే వరండాలో నేర్చుకున్నట్టే నడిచాను. ఒళ్ళు తెలియలేదని చెప్పుకుంటే పాపం సగం తగ్గుతుందేమో కానీ, నాకు తెలుసు. ఆమె చాలా బాగుంది అన్నప్పుడు సంతోషం కూడా వేసింది. మర్నాడు నీళ్ళ మీద పరీక్షలో, పక్క పడవలోంచి డాక్టర్లు కనిపెట్టి చూస్తుంటే, డ్యామ్ మీద ఏనాడూ రెండు నిమిషాలు ఆగలేని దాన్ని, వాళ్ళు అటు తిరిగేదాకా నీళ్ళ మీదకి వాలి అలాగే ఉన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, నేర్చుకున్నది.

సాయంత్రం బోర్డు మీద కాగితం అతికించారు. నాకు మాస్టారు అనుకున్నదానికంటే ఒక అంకె ఎక్కువ పడింది. మా మొత్తం హద్దు దాటింది.

వెంటనే వెళ్ళి ఆ డాక్టరుకి ఉన్నమాట చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. మీ ముగ్గురి మొత్తం చూసుకున్నాక వచ్చారు, ఇప్పుడు కాలు బలహీనం అంటే నేనేమని నమ్మాలి అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్న మనిషిని ఎవరైనా అదే అడుగుతారు. మాస్టారు బతిమాలగా ఆమె ఇంకో డాక్టరుని కూడా పిలిచి ఇంకోసారి పరీక్షించింది. ఈసారి బల్ల మీద పడుకుని, ఉన్నంతే తోద్దామని గట్టిగా అనుకున్నాను. కానీ ఉన్నది ఎంతో నాకు తెలిస్తే కదా. నడుము ఎక్కడ ఆగుతుందో, కాలు ఎక్కడ మొదలవుతుందో నా ఒంటికే తేడా తెలియలేదు. డాక్టర్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకె మారలేదు. నా బదులు ఎక్కించడానికి నాలుగో మనిషి మాకు లేడు.

పోటీ రోజున బాబాయ్ చక్రాల కుర్చీలో ఒడ్డున కూర్చుని ప్రతి పడవనీ చూశాడు. గాలి ఎటు తిరుగుతోందో, ఏ పడవ ఎక్కడ తప్పు చేస్తోందో సిర్గిట్టి ఆయనకి హిందీలో చెబుతూనే ఉన్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఆయన తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

తిరుగు రైల్లో ఆయనే నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టాడు. "నాకు కుడి చెవి వినబడదు. ఎప్పట్నించో తెలుసా?" అని అడిగాడు. కాళ్ళు పోయిన తరవాత నుంచి అనుకుంటున్నానన్నాను. కాదంట. అంతకు ఆరేళ్ళ ముందు నుంచీనట. మెడికల్‌లో చెవి పక్క చిటికెలు వేసి అడిగినప్పుడు, డాక్టరు చెయ్యి కదలడం ఓరగా చూసి వినబడింది అనేవాడట. "ఇంజను కుడి పక్కనించే వచ్చింది తల్లీ. ఈల వేసిందంట, అందరూ విన్నారు" అన్నాడు. నన్ను ఓదార్చడానికే చెప్పాడు. నాకైతే ఓదార్పు కాలేదు. ఆయన కాళ్ళు పోయింది దేనివల్లో, ఇప్పుడు పడవ పోయింది కూడా దానివల్లే. ఈసారి ఆ పని చేసింది నేను.

ఇల్లు చేరేసరికి నాన్న వరండాలో ఉన్నాడు. సంచీ దింపకముందే, "మెడికల్ ఏటయింది?" అన్నాడు. పోటీ ఏమైందని కాదు. పాసయ్యానన్నాను. నాన్న మొహం చేటంత అయింది. నేను చెప్పలేదా అని లోపలున్న అమ్మకి వినబడేలా అన్నాడు. వచ్చే వారం తన మెడికల్ కూడా ఉందని, ఇదొక్కటి దాటితే రిటైరయ్యేదాకా ఇంజను మీదే ఉండొచ్చని చెప్పి, అలమారలోంచి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి గేటు దగ్గరికి నడిచాడు. మడతలు చిరిగిపోయి వెనకాల గుడ్డ అంటించిన అదే కాగితం.

నేను దాన్ని తిరగేసి, గుడ్డ వైపు ఆయనకి కనబడేలా గోడకి పట్టుకున్నాను. నాన్న నా చేతి వైపే చూస్తూ, పై వరస నుంచి కింది వరస దాకా, ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు.

"సరిపోయిందేటి?" అని అడిగాడు.

సరిపోలేదన్నాను. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, కుంటుకుంటూ గేటు దాకా వెళ్ళి, నాన్నని అక్కడే నిలబెట్టి బాబాయ్ చెవి సంగతి చెప్పాను.