అలర్జీ గడిలో రాయని అరటిపండు

2003 మార్చి మొదటి వారంలో నన్ను సర్జికల్ వార్డు రికార్డ్స్ అసిస్టెంటుగా వేశారు. పటమటలోని మా పిల్లల ఆసుపత్రి రికార్డు గదిలో అప్పటికే ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. చదివింది ఇంటర్మీడియట్ వరకే. సగటులు, శాతాలు బ్యాంకు పరీక్షల గైడు దగ్గర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఏ కాగితం చూసినా అందులోని అంకెలు కూడి చూడడం అలవాటైపోయింది.

హోదాలో నేను స్టాఫ్ నర్సు కంటే కింద. కేసు షీటులో ఒక్క అక్షరం రాసే అధికారం కూడా నాకు లేదు. ఆపరేషనుకు ముందు రోజు అందులోని గడులన్నీ నింపారో లేదో సరిచూడడం, రోగి ఇంటికి వెళ్లాక కేసు సారాంశం టైపు చేయడం నా పనులు. గడులన్నింటిలో ముఖ్యమైనది అలర్జీ గడి. దాన్ని ఎర్ర సిరాతో నింపాలి. పడని మందు ఉంటే దాని పేరు, లేకపోతే 'లేదు' అని రాయాలి. ఖాళీగా ఉంటే థియేటర్ వాళ్లు షీటు వెనక్కి పంపేవారు.

ఆ వారంలోనే కైకలూరు దగ్గరి కొల్లేటి గ్రామం నుంచి సత్యవేణి అనే ఏడేళ్ల పాప చేరింది. వాళ్ల నాన్న చేపల వ్యాపారి. పాపకు పుట్టుకతోనే వెన్నుపూసలో లోపం. మూత్రం తనంతట తాను రాదు, రోజుకు నాలుగైదుసార్లు సన్నని రబ్బరు ట్యూబు వేసి తీయాలి. మా దగ్గరే నాలుగు ఆపరేషన్లు అయ్యాయి. మూత్రాశయాన్ని పెద్దది చేసే అయిదోది మర్నాడు ఉదయానికి నిర్ణయమైంది. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు దక్కవని సర్జన్ గారు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పారు. అలర్జీ గడిలో 'లేదు' అని ఉంది.

సాయంత్రం నాలుగింటికి వార్డులో పిల్లలకు తలా ఒక అరటిపండు ఇచ్చేవారు. ఆ రోజు ఆయా పాప చేతిలో పండు పెట్టగానే నాయనమ్మ మంగమ్మ గారు దాన్ని లాక్కుని పక్క మంచం మీద పెట్టేశారు.

"అదేంటి మామ్మగారూ, బిడ్డ నోటికాడ పండు లాక్కుంటారా?" అంది ఆయా.

"ఇచ్చి చక్కా పోతావు నువ్వు. మూతి బూరెలాగా ఉబ్బితే చూసుకునేది నేనేగా!"

స్టాఫ్ నర్సు కరుణ గారు నవ్వారు. "మధ్యాహ్నం అరటికాయ వేపుడు శుభ్రంగా తినిందిగా మామ్మగారూ. కాయ పడి, పండు పడకపోవడం ఏంటండీ?"

"నాకేం తెల్సమ్మా. వండితే పడుద్ది, పండు పడదు. బుడగ ఊదినా మూతి అంతే. మా మహారాణికి పుట్టినరోజు బుడగలు కూడా పనికిరావు."

అందరూ నవ్వారు, పాప కూడా. నేనూ నవ్వాను. కానీ 'మూతి ఉబ్బితే' అన్న మాట నన్ను వదల్లేదు. రికార్డు గదికి వెళ్లి పాత కేసు షీట్లు నాలుగూ, వాటికి గుచ్చిన ఆహారం చీటీలూ తీశాను. మొదటి రెండుసార్లు చేరినప్పుడు పాప రోజూ అరటిపండు తింది. మూడోసారి ఆరు రోజులు తిన్నాక 'పెదవులు ఎర్రబడ్డాయి' అని నర్సు రాశారు. నాలుగోసారి ఒక్కటీ తినలేదు. 'నాయనమ్మ అరటి ఇవ్వనివ్వడం లేదు' అని రాసి ఉంది.

రికార్డు గదిలో ఉండగా ఆ నాలుగో కేసు సారాంశం టైపు చేసింది నేనే. అందులో అరటిపండు మాట లేదు. మా వైపు పిల్లకు కాస్త పడిశం పట్టిందంటే ఏ నాయనమ్మయినా అరటిపండు వద్దు, పెరుగు వద్దు, జామకాయ వద్దు అంటుంది. అవన్నీ రాస్తే సగం పేజీ నిండుతుందని వదిలేసేవాళ్లం. నా ముందువాళ్లు నాకు అలాగే నేర్పారు. నేను నా తర్వాతవాళ్లకు అలాగే నేర్పాను.

ఆరింటికి మత్తు డాక్టరు గారు రౌండుకు వచ్చారు. చీటీల లెక్కా, బుడగల మాటా వరుసగా చెప్పాను. ఆయన నవ్వలేదు. మంగమ్మ గారిని కూర్చోబెట్టి మళ్లీ అన్నీ అడిగారు. తర్వాత మాకు విడమరిచి చెప్పారు. గ్లవ్స్, బుడగలు రబ్బరు చెట్టు పాలతో చేస్తారు. ఆ పాలలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. నాలుగు ఆపరేషన్లలో గ్లవ్స్ వల్లా, రోజూ వేసే ట్యూబు వల్లా అవి మళ్లీ మళ్లీ తగిలి, పాప శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. అరటిపండులోని ఒక ప్రోటీనులో కొంత భాగం రబ్బరు ప్రోటీను పోలికలోనే ఉంటుంది. శరీరం దీన్ని చూసి అదే అనుకుంటుంది. ఉడికించినా వేయించినా ఆ ప్రోటీను ఆకారం చెడిపోతుంది కాబట్టి అరటికాయ వేపుడు ఏమీ చేయదు. మేము నమ్మకపోవడానికి కారణమైన వేపుడే ఆయనకు ఆధారమైంది.

రబ్బరు గ్లవ్స్ వేసిన చేతులు మర్నాడు గంటలకొద్దీ పాప పొట్టలో ఉండబోతున్నాయి. బీపీ ఒక్కసారిగా పడిపోయి, ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉందన్నారు. సర్జన్ గారితో మాట్లాడి అప్పటికప్పుడే ఆపరేషను వాయిదా వేయించారు.

పాప తండ్రి తట్టుకోలేకపోయారు. "వాయిదా అంటే కిడ్నీలు ఆగుతాయా సార్?"

"పది రోజులు ఆగుతాయి. రేపు చేస్తే పిల్ల దక్కకపోవచ్చు," అన్నారు డాక్టరు గారు.

హైదరాబాదు పంపి చేయించిన రక్త పరీక్షలో ఆయన అనుమానమే నిజమని తేలింది. రబ్బరు లేని గ్లవ్స్ చెన్నై నుంచి తెప్పించారు. ట్యూబులన్నీ సిలికాన్‌వి పెట్టారు. మామూలు గ్లవ్స్ లోపల చల్లే పొడి రబ్బరు ప్రోటీన్లను మోసుకుని గాలిలోకి లేవకముందే, ఆ రోజు మొదటి కేసుగా పాపను తీసుకున్నారు. ఆపరేషను ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది. రెండు వారాలకు పాప ఇంటికి వెళ్లింది.

అందరూ నవ్వినా మాట మార్చని మంగమ్మ గారికీ, రికార్డ్స్ అసిస్టెంటు చెప్పేదేమిటని అనకుండా చివరిదాకా విన్న డాక్టరు గారికీ నేను ఋణపడి ఉన్నాను. కరుణ గారు తాను రాసిన 'లేదు' అన్న మాటను తన చేత్తోనే కొట్టేసి, 'అరటిపండు, రబ్బరు' అని ఎర్ర సిరాతో రాసి సంతకం చేశారు. నా పాత సారాంశం సంగతి చెబితే, "నేను కూడా అడగలేదుగా అక్కా," అన్నారు. ఆ మాటకూ కృతజ్ఞురాలిని.

ఆ నెలలోనే డాక్టరు గారు కేసు షీటులో రెండు ప్రశ్నలు చేర్పించారు. తినేవాటిలో ఏవి పడవు? తింటే ఏమవుతుంది? ఎక్కువమంది తల్లులు జలుబు అనే చెప్పేవారు. దాన్నీ రాయించాను. నేను రిటైరయ్యేలోపు మరో ఇద్దరు పిల్లల షీట్లలో మూతి వాపు కనిపించింది. ఒకరికి మామిడి, ఒకరికి పనస. ఏది జలుబో, ఏది ప్రమాదమో తేల్చడం డాక్టర్ల పని. వాళ్లు తేల్చాలంటే, చెప్పిన ప్రతి మాటా ముందు కాగితం మీదికి రావాలి. అది మా పని.