మళ్లీ ఎప్పటి నుంచి కావాలి?

మా సార్ పోయి నెల కావస్తోంది. ఆ పొద్దున నేను ఆఫీసు తాళం తీస్తుండగా ఆంటీ, అంటే ఆయన భార్య, ఫోన్ చేసింది. "మీ సార్ లేస్తలేరు బేటా," అంది. జ్వరమా అని అడిగాను. "కాదు బేటా. లేస్తలేరు," అని మళ్లీ అదే మాట అంది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి చేరేసరికి వాళ్లింటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఆ సాయంత్రమే మగవాళ్లంతా ఖబరస్తాన్‌కు వెళ్లి మట్టి ఇచ్చి వచ్చారు. నేను ఆడవాళ్ల గదిలో ఆంటీ పక్కన కూర్చున్నాను. ఎవరో నీళ్లిస్తే తాగాను.

ఆయన గురించి పేపర్లో ఏమీ రాలేదు. రావాల్సినంత పెద్ద పనులు ఆయన చేయనూ లేదు. ఒకప్పుడు సంగారెడ్డిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఇక్కడి ఒక ప్లాంటులో ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న నన్ను అందులో చేర్పించాడు. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక సార్ పటాన్‌చెరులో కూలర్లు బాగుచేసే షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని మొబైల్ యాప్‌లు చేయడం మొదలుపెట్టారు. సాయానికి నన్ను పిలిచారు. ఇన్నేళ్లలో మూడో మనిషి చేరలేదు. ఇద్దరం, రెండు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాన్. ఫ్యాన్ ఎటు తిప్పాలన్నదాని మీద ఎండాకాలమంతా గొడవే. ఇప్పుడది రోజంతా నా వైపే తిరిగి ఉంటోంది. అదేం సుఖంగా లేదు.

మేం చేసినవాటిలో బాగా నడిచింది ఒక్కటే. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీకి చేసిన బస్సుల యాప్. వర్కర్లు ఎక్కడ ఎక్కుతారో, ఏ టైముకు ఎక్కుతారో ఫోన్‌లో నొక్కితే సీటు పడుతుంది. డ్రైవర్ ఫోన్‌లో ఆ చోటు వెలుగుతుంది. సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్, చిట్కుల్, పటాన్‌చెరు మీదుగా వెళ్లే బస్సులో సార్ తనకూ ఒక సీటు పెట్టించుకున్నారు, కంపెనీవాళ్లను బతిమాలి మరీ. "మనం ఎక్కని బస్సుకు మనం టైం చెప్పుడేంది?" అనేవారు. పొద్దున్నే వాళ్ల గల్లీ మొదట్లో ఎక్కి, పటాన్‌చెరులో దిగి ఆఫీసుకొచ్చేవారు. రోజూ వచ్చేలా పెట్టుకున్న ఆ సీటు ఇంకా నడుస్తోంది. ఆయన పోయారని యాప్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. చేతకాక ఊరుకున్నాను.

ఎందుకు చేతకాలేదో చెప్పాలంటే ఆయన పని చేసే తీరు కొంత చెప్పాలి.

మొదట్లో టైం పెట్టుకోవడానికి ఫోన్‌తోపాటు ఉచితంగా వచ్చే గుండ్రటి గడియారమే పెట్టాం. ముల్లును వేలితో తిప్పాలి. నేను దానికి రంగులద్ది మురిసిపోయాను. సార్‌కు బస్సులో పక్కవాళ్ల ఫోన్లలోకి తొంగిచూసే అలవాటు. తెల్లగడ్డం చూసి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు పగిలిన స్క్రీన్ల మీద ముల్లు తిప్పలేక, ఆరుకు పెడితే అది కాస్త పక్కకు జరిగి, మళ్లీ వెనక్కి తిప్పి నానా అవస్థా పడటం చూశారట. ఆఫీసులోకి వచ్చీ రాగానే, భుజాన సంచి కూడా దించకుండా అడిగారు.

"డ్యూటీకి పోయేటియి దినానికి ఉన్నయే మూడు బస్సులు. గడియారం మొత్తం ఎందుకు జూపిస్తున్నం అమ్మా?"

మర్నాటికి గడియారం పోయి మూడు పెద్ద బటన్లు వచ్చాయి. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన గమనించనట్టే ఉండి, మూడో రోజు మిర్చి బజ్జీలు తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టారు.

ఆ తర్వాత ఏఎం, పీఎంల మీద పడ్డారు. "మన ఇండ్లల్ల ఎవరన్న ఏఎం అంటరా? మీ అమ్మ అంటదా?" అనలేదని ఒప్పుకున్నాను. అయితే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని పెడదామన్నాను. ఆయన నవ్వారు. "అవి రేడియోల చెప్పేటియి. బస్సుల పొద్దుగాల అంటరు, పగటీలి అంటరు, పొద్దుమీకి అంటరు." నాకు పొద్దుమీకి అంటే సాయంత్రమని అప్పటిదాకా తెలియదు. ఇక్కడే పుట్టి పెరిగి కూడా, మా ఇంట్లో కోస్తా మాటే నడిచేది. బిహార్ నుంచి పనికొచ్చిన కుర్రాళ్ల కోసం అవే మాటలు సుబహ్, దోపహర్, షామ్ అని కూడా పెట్టారు. కోడ్ లోపల పేర్లన్నీ ఆయన ఉర్దూలోనే పెట్టుకునేవారు. ఇప్పటికీ ఏదైనా సరిచేద్దామని ఫైల్ తెరిస్తే ఎదురుగా 'షామ్' అని కనిపిస్తుంది.

మేం చేసిన పెద్ద తప్పు శనివారం బస్సు. శనివారం సెకండ్ షిఫ్టులో ఓవర్‌టైమ్ చేసినవాళ్లు, అర్ధరాత్రి దాటాక ఇంటికెళ్లే బస్సుకు శనివారమే నొక్కారు. వాళ్లకు అది శనివారం డ్యూటీ. ఫోన్ లెక్కలో అప్పటికి ఆదివారం వచ్చేసింది, వాళ్ల సీట్లు డ్రైవర్‌కు కనిపించలేదు. గేటు దగ్గర అంతమంది నిలబడ్డారు, బస్సు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం సార్ నన్ను వెంటబెట్టుకుని చిట్కుల్‌లో వాళ్లుండే గదులకు వెళ్లారు. ఒకామె బట్టలుతుకుతూ తలెత్తకుండానే అడిగింది.

"శనివారం డ్యూటీకి ఐతారం బస్సేంది సార్?"

"తప్పు మాదేనమ్మా," అన్నారాయన. ఫోన్లో తేదీ ఎలా మారుతుందో నేను చెప్పబోతే మోచేత్తో పొడిచారు. తిరిగొచ్చే దారిలో ఆటోలో మాత్రం, "మనిషి పండుకుని లేస్తేనే దినం మారుతది. నువ్వు గట్లనే రాయి," అన్నారు. లోపల దాచుకునేది గడియారం లెక్క, బయట చూపించేది మనిషి లెక్క అని అలా రెండుగా విడదీయడం నేను నేర్చుకున్నది ఆ ఆటోలోనే. తర్వాత ఏ పుస్తకంలో చదివినా నాకు కొత్తగా అనిపించలేదు.

ఇక సీటు వద్దనుకునే స్క్రీన్. ఇస్మాయిల్‌ఖాన్‌పేట జాతరకనో, ఊళ్లో పెళ్లికనో జనం సీటు రద్దు చేసుకునేవారు. తిరిగొచ్చాక మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయి బస్సు వెనక పరిగెత్తేవారు. సార్ దానికో మందు వేశారు. సీటు వద్దని నొక్కితే యాప్ ఊరికే వదలదు. 'మళ్లీ ఎప్పటి నుంచి కావాలి?' అని అడుగుతుంది. రోజు చెప్పందే ముందుకు పోనివ్వదు. "పోయేటోనికి వచ్చే దినం యాది జెయ్యాలె," అనేవారు. ఉద్యోగం మానేసినవాళ్ల పేర్లు కంపెనీవాళ్లే తీసేస్తారు కాబట్టి, ఇక ఎప్పటికీ వద్దు అనే బటన్ అవసరం మాకెప్పుడూ రాలేదు. సార్ ఆ కంపెనీ మనిషి కాదు. ఆయన పేరు తీయడానికి అక్కడెవరూ లేరు.

ఆయన పోయిన వారానికి డ్రైవర్ ఫోన్ చేశాడు.

"మేడం, సార్ సీటు రోజు వస్తున్నది ఫోన్ల. నేను గల్లి కాడ ఆపుతున్న. హారన్ గొట్టి, జెర సేపు సూసి పోతున్న."

"ఎందుకన్నా ఆపడం? నీకు తెలుసు కదా."

"ఎరుకే. మట్టి ఇయ్యనీకి నేను గూడ పోయిన గద. కని పాయింట్ వెలుగుతుంటే ఇడిసిపెట్టి పోబుద్ధి కాదు. ఆ సీట్ల గూడ ఎవ్వరు కూసుంటలేరు."

"చూస్తాలే అన్నా," అన్నాను. చూడలేదు. నిజం చెప్పాలంటే, ఆ బస్సు అక్కడ ఆగుతోందన్న మాట నాకు ధైర్యంగా ఉండేది. ఒంటరిగా ఆఫీసులో కూర్చుని, ఇప్పుడు బస్సు ఇస్నాపూర్ దాటి ఉంటుంది, ఇప్పుడు దిగి మెట్లెక్కుతుంటారు అనుకునేదాన్ని. మెట్ల మీద కూలర్ షాపువాళ్ల అడుగుల చప్పుడు వినిపించినా తలెత్తి చూసేదాన్ని. మాట్లాడటానికి ఎవరూ లేక సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఇంట్లో వాళ్లకు చెప్తే, సార్ లేరు కదా, ఇంకెక్కడైనా చేరమంటారు. నాకు కావలసింది ఉద్యోగం కాదని వాళ్లకెలా చెప్పను?

మొన్న ఆంటీని చూడటానికి వెళ్లాను. వంటింట్లో గట్టు మీద రెండు కప్పుల చాయ్ ఉంది. ఒకటి తాగేసి ఉంది. ఇంకొకటి మీగడ కట్టి ఉంది. నేను దాన్ని చూడటం ఆమె చూసింది.

"హారన్ ఇనవడ్తే చెయ్యి పోతది బేటా. ఇరవై ఏండ్ల అలవాటు గద, పొద్దుగాల ఇద్దరికి పెట్టుడు. జర నిద్ర పట్టినట్ల అయితది, గంతల బస్సొస్తది. ఆ బస్సు ఆపమను. నాతోని ఐతలేదు."

నేను ధైర్యంగా దాచుకున్నది ఆమెను రోజూ లేపి ఏడిపిస్తోంది. సరే ఆంటీ అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని సార్ సీటు తెరిచాను. లోపలికి వెళ్లి ఆయన పేరున్న ఒక్క వరుస తుడిచేస్తే అయిపోయేది. కానీ వర్కర్లు వాడే దారి వదిలి వెనక నుంచి మార్చడం ఆయన నాకెప్పుడూ నేర్పలేదు. అందరిలాగే 'సీటు వద్దు' అని నొక్కాను. యాప్ అడిగింది. మళ్లీ ఎప్పటి నుంచి కావాలి?

కింద ఆయనే వరసగా పేర్చిన రోజులు. రేపు, ఎల్లుండి, వచ్చే సోమవారం, పండగ అయ్యాక. ఒక్కోటి చదివాను. ఏదో ఒకటి నొక్కితే పని అయిపోతుంది. కానీ ఆ రోజు వచ్చినప్పుడు బస్సు మళ్లీ గల్లీ ముందు ఆగుతుంది. 'ఇక వద్దు' అని కొత్త బటన్ పెడదామనుకుని రాశాను. చూడలేక తీసేశాను. 'తెలియదు' అని రాశాను. అది అబద్ధం. సార్ ఉంటే ఈ రెండు మాటల మీద పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్లం. ఆయన ఖచ్చితంగా నా మాట కొట్టేసేవారు. కొట్టేసేవాళ్లు లేకుండా మాట ఎంచుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. చివరికి ఏ మాటా పెట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కూడా ముందుకు పోవచ్చని ఒక చిన్న మార్పు చేశాను. ఏమీ ఎంచుకోకుండా 'సరే' నొక్కాను. ఆయన పేరు కింద 'మళ్లీ' అని ఉంది, దాని పక్కన చోటు ఖాళీగా ఉంది. టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. కింద షాపులో ఏదో మోటారు తిరుగుతోంది కాబట్టి ఎవరికీ వినిపించి ఉండదు.

ఆ రాత్రి ఆంటీ దగ్గరే పడుకున్నాను. పొద్దున ఆమె లేవకముందే వెళ్లి గల్లీ మొదట్లో నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఆ మూల దగ్గర అలవాటు కొద్దీ కొంచెం నెమ్మదించింది. డ్రైవర్ నన్ను చూశాడు, హారన్ మీది చెయ్యి తీసేశాడు. బస్సు ఆగకుండా నా ముందు నుంచి వెళ్లిపోయింది. సార్ కూర్చునే కిటికీ దగ్గర ఎవరో అమ్మాయి, మెడలో ఫ్యాక్టరీ కార్డుతో, అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది.