రెండు వైపుల గౌను

కుట్టుపిన్ని అంటే ఆ సందులో తెలియనివాళ్ళు లేరు. సందుకు ఒకవైపు సర్కారు బడి, ఎదురుగా ప్రార్థనా మందిరం వాళ్ళ బడి, మూల మీద ఆమె కొట్టు. రెండు బడుల యూనిఫాంలూ ఆమె మిషన్ మీదే తయారవుతాయి. పిల్లలు ఎదుగుతారని మడతలో గుడ్డ ధారాళంగా వదులుతుంది. మాటలో మాత్రం ఎవరికీ చిక్కదు.

ఆ ఏడాది సర్కారువారు పిల్లలకు తలా ఒక కూపన్ ఇచ్చారు. దాన్ని ఏ బడిలో ఇస్తే ఆ బడికి ఫీజు సర్కారే కడుతుంది, దేవుడి బడైనా సరే. ఇంకేముంది, సందు రెండుగా చీలింది. కొలతలివ్వడానికి వచ్చిన తల్లులు కొట్లోనే వాదులాడుకున్నారు. మేం కట్టిన పన్నులే కదా, మాకు నచ్చిన బడికి పంపితే తప్పేమిటని ఒకామె అంటే పిన్ని ఊఁ అంది. అందరి సొమ్ము అందర్నీ చేర్చుకోని బడికెందుకని ఇంకొకామె అంటే దానికీ ఊఁ అంది. నోట్లో గుండుసూదులు పెట్టుకున్న మనిషిని అంతకంటే ఏం అడుగుతారు?

తప్పించుకోలేని తగువు ఇంట్లోనే వచ్చిపడింది. మనవరాలిని ఒకటో తరగతిలో వెయ్యాలి. కోడలు సర్కారు బడిలో పంతులమ్మ. సొంత కూతురే ఎదురు బడికి పోతే తలెలా ఎత్తుకోవాలని ఆమె బాధ. కొడుక్కేమో ఎదురు బడి క్రమశిక్షణ ముద్దు. మందిరం గడప తొక్కి ఎన్నేళ్ళయిందో వాడికే గుర్తులేదు, అది వేరే సంగతి. కోడలు నీలం గుడ్డ తెచ్చి, ఆయనకు చెప్పొద్దత్తయ్యా అంది. కొడుకు మెరూన్ గుడ్డ తెచ్చి, నీ కోడలికి చెప్పకమ్మా అన్నాడు. పిన్ని ఇద్దరికీ మాటిచ్చేసింది. ఇచ్చాక గాని చిక్కు తెలిసిరాలేదు. ఏ గౌను కుట్టినా ఆ ఇంట్లో ఒకరు అన్నం మానేస్తారు.

అందుకని రెండూ కలిపి కుట్టింది. పైన మెరూన్, తిరగేస్తే నీలం. ఎవరి రంగు వాళ్ళకు చూపిస్తే ఇద్దరూ మురిసిపోయారు.

చేర్పించే రోజు కోడలు ముందే తన బడికి వెళ్ళి గేటు దగ్గర కాచుకుంది. కొడుకు పిల్లకు మెరూన్ వైపు తొడిగి ఎదురు బడికి తీసుకెళ్ళాడు. వెనకాలే పిన్ని.

బడి పెద్దాయన మంచివాడే. కూపన్ అందుకుని, వారం వారం ప్రార్థనకు వచ్చే కుటుంబాలకే ముందు సీటని చెప్పి, తమరెప్పుడైనా వచ్చారా అని కొడుకుని అడిగాడు. కొడుకు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెద్దాయన నవ్వి, "పోనీలెండి, మీ అమ్మగారు ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటారుగా. ఆవిణ్ణి చూసి ఇచ్చేద్దాం," అన్నాడు.

కొడుకు ముఖం వెలిగిపోయింది. పిన్నికి మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకు మొదటిసారి ఊఁ అనలేదు.

"నా ప్రార్థన సీటుకి టిక్కెట్టు కాదు బాబూ. ఈ పిల్ల బాగు కోసం దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాను. మీ దగ్గర హాజరు వేయించుకోవడానికి కాదు."

కూపన్ వెనక్కి తీసుకుని, పిల్లను కొట్లోకి లాక్కెళ్ళి గౌను తిరగేసి తొడిగింది. సర్కారు బడి గేటు దగ్గర కోడలు నీలం రంగు చూసి కళ్ళొత్తుకుంది.

"మీరూ నా వైపేనా అత్తయ్యా?"

"నేనెవరి వైపూ కాదమ్మా. మెడ దగ్గర మెరూన్ కనబడుతోంది, కాస్త లోపలికి తొయ్యి."